ఏడు పాపాలకు ఏడు వంటకాలు: విశాఖ వంటింట్లో విందు ఎలా కట్టాలి

ఏడు మహాపాపాల మీద విందు పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "కోపానికి ఏం వండాలి?" అని. జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు: ఎర్రగా, కారంగా ఏదో ఒకటి. విందు దారి తప్పేది అక్కడే. ఎర్రటి కూర తిన్నవాళ్లకి కారం తెలుస్తుంది, కోపం తెలియదు. ఆ గుణం తినేవాళ్ల చేతిలో, నోట్లో, పక్కవాళ్ల విస్తరి మీద పడే చూపులో కదలాలి. అలా కదిలించే వంటకాన్ని ఎలా కనిపెట్టాలో, ఏడింటినీ ఒకే పూట ఎలా వడ్డించాలో వరుసగా చెబుతాను.

1. వంట మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు

కాగితం మీద ఒక్కో పాపం కింద మూడు వరుసలు రాసుకోండి.

- ఈ గుణం పట్టిన మనిషి ఏం చేస్తాడు?
- తినేవాళ్ల చేత ఆ పనే చేయించాలంటే వడ్డనలో ఏం మార్చాలి?
- మన ఇళ్లలో ఇప్పటికే ఆ పని చేయిస్తున్న వంటకం ఏది?

లోభాన్ని తీసుకోండి. లోభి ఏరుకుంటాడు, దాచుకుంటాడు. పులిహోర గిన్నెలో గరిటె తిప్పి జీడిపప్పు ఏరుకోవడం ఎవరికి తెలియదు? వంటకం దొరికేసినట్టే. ఇక మిగిలింది ఆ ఏరుకోవడాన్ని అందరి కళ్లముందూ జరిగేలా చెయ్యడం.

మూడో ప్రశ్నని దాటెయ్యకండి. అతిథులకి అసలు వంటకం తెలిసి ఉంటేనే మీరు దాన్లో ఏం మార్చారో వాళ్లకి పట్టుబడుతుంది. ఎవరికీ తెలియని పదార్థంతో మొదలుపెడితే "ఇదేంటి" అనే ఆలోచనలోనే పూట గడిచిపోతుంది.

ఏడూ ఇవి: గర్వం, లోభం, కామం, అసూయ, తిండిపోతుతనం, కోపం, సోమరితనం. మన అరిషడ్వర్గాల్లో ఐదు ఇందులో కలుస్తాయి. మోహం లేదు, తిండిపోతుతనం, సోమరితనం అదనంగా వచ్చాయి. మోహానికి కూడా ఒకటి చేద్దామనిపిస్తుంది. వద్దు, ఒక పూటకి ఏడే ఎక్కువ.

2. ఎంతమందికి, ఏ రోజుల్లో

ఎనిమిది మందికి లెక్క వేసుకోండి. అసూయ వంటకానికి సరిసంఖ్య తప్పనిసరి. ఏ వంటకమైనా ఒక్కరికి నాలుగు ముద్దలు మించకూడదు. మించితే నాలుగో వంటకానికే అందరూ చేతులు కడిగేసుకుంటారు.

రోజు ఎంచుకునేటప్పుడు రెండు చూసుకోండి. ఈ ఏడు పాపాల జాబితా క్రైస్తవ సంప్రదాయంలోది. ఆ ఇళ్లవాళ్లని పిలుస్తుంటే ఈస్టర్‌కి ముందు శ్రమల దినాల్లో ఈ విందు పెట్టకండి. కార్తీక మాసంలో చేప తిననివాళ్లు చాలామంది ఉంటారు, అప్పుడు కామం వంటకాన్ని శాకాహారంగా మార్చుకోవాలి. మరో సంగతి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవల వేటకి నిషేధం. ఆ రోజుల్లో కామం వంటకానికి కావలసిన మంచి చందువ (పాంఫ్రెట్ చేప) దొరకడం కష్టం.

3. తెచ్చుకోవలసినవి

ఫిషింగ్ హార్బర్ (తెల్లవారుజామునే వెళ్లాలి)
- మధ్యరకం చందువలు 4. మొప్పలు ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి ఉండాలి, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి.

రైతుబజారు
- లేత కీరదోసకాయలు 3, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయలు, టమాటాలు, నిమ్మకాయలు 8, కొత్తిమీర, కరివేపాకు
- కొబ్బరికాయ 1, చిరుగులు లేని అరిటాకులు 6

పూర్ణా మార్కెట్
- సన్న ఆవాలు, నువ్వులు పావుకిలో, జీడిపప్పు గుళ్లు, చింతపండు, పచ్చిశనగపప్పు, సగ్గుబియ్యం, పెసలు అరకిలో
- అనకాపల్లి బెల్లం పావుకిలో. పసుపుపచ్చగా మెరిసేది వద్దు, రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండొచ్చు. ముదురు రంగు, గట్టి ముక్క తీసుకోండి.
- అరకు మిరియాలు కొంచెం
- మరమరాలు, సన్న కారప్పూస, వేరుశనగ గుళ్లు

ఇంట్లో
- చిక్కటి పెరుగు లీటరు, పాలు రెండు లీటర్లు, బియ్యం కిలో, గాలి చొరని మూత ఉన్న డబ్బాలు 2

డబ్బాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. విశాఖ గాలిలో తేమ కరకరలాడే దేన్నీ ఉండనివ్వదు. హైదరాబాద్‌లో సాయంత్రం దాకా నిలిచే నువ్వుల అచ్చు (బెల్లం పాకంతో పోసే పల్చటి పలక) ఇక్కడ మూత తీసి వదిలేస్తే గంటలో చేతికి అంటుకుంటుంది.

4. పనుల వరుస

ముందురోజు రాత్రి
- సోమరితనానికి అన్నం తోడు పెట్టండి
- పెసలు, గుప్పెడు బియ్యం నానబెట్టండి

ఆ రోజు ఉదయం
- చేప తెచ్చి, శుభ్రం చేయించి ఫ్రిజ్‌లో పెట్టండి
- పాయసం కాచి చల్లార్చండి
- పులిహోర కలిపి పక్కన పెట్టండి (జీడిపప్పు లేకుండా)

వడ్డనకి మూడు గంటల ముందు
- నువ్వుల అచ్చు పోసి డబ్బాలో మూసెయ్యండి
- పెసరట్టు పిండి రుబ్బండి, ఉప్మా చేసుకోండి

వడ్డనకి గంట ముందు
- చేపకి ముద్ద పట్టించి ఆకుల్లో కట్టండి
- దోసకాయ తురిమి పిండండి

చివరి పావుగంట
- ఆవ నూరండి
- జీడిపప్పు వేయించండి

5. అసూయ: రెండు రకాల చిట్టి పెసరట్లు

దీన్ని మొదట పెట్టండి. ఆకలి మీద ఉన్నప్పుడే మనిషి పక్క విస్తరిలోకి చూస్తాడు.

అరచేతి వెడల్పు పెసరట్లు ఎనిమిది. నాలుగింట్లో ఉప్మా పెట్టి మడవండి. ఆ ఉప్మాలో జీడిపప్పు వెయ్యకండి, దాన్ని లోభానికి దాచాలి. మిగతా నాలుగూ పల్చగా, కరకరలాడేలా కాల్చి పైన సన్నటి ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి దండిగా చల్లండి. ఒకరికి ఇది, పక్కవారికి అది. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకి కూడా వేరువేరుగా రావాలి.

ఉప్మా అట్టు వచ్చినవాళ్లకి పక్కవాళ్ల అట్టు చప్పుడు వినిపిస్తుంది. ఉల్లి అట్టు వచ్చినవాళ్లకి పక్కవాళ్ల అట్టు విప్పగానే లేచే ఆవిరి కనిపిస్తుంది. ఎవరికి వాళ్లకి అవతలిదే బాగున్నట్టుంటుంది. రెండూ సమానంగా రుచిగా ఉండాలి. ఒకటి నిజంగా తక్కువైతే అది అసూయ కాదు, అన్యాయం. పెనం మీద నుంచి దించాక మీరే రెండూ తిని చూడండి. ఏది బాగుందో తేల్చుకోలేకపోతే సరిగ్గా కుదిరినట్టు.

ఆకుపచ్చ రంగు కోసం పాలకూర, పుదీనా కలపకండి. అసూయకి ఆకుపచ్చ అనే ఇంగ్లీషు లెక్క మన భోజనాల దగ్గర ఎవరికీ తట్టదు.

6. కోపం: ఆవ పెట్టిన తెల్ల పచ్చడి

కోపాల్లో రెండు రకాలు చూస్తాం. భగ్గున లేచి చల్లారేది ఒకటి, లోపల రగులుతూ ఉండేది ఒకటి. ఆవ ఘాటు మొదటిది: ముక్కులోకి ఎక్కుతుంది, కళ్లు నీళ్లు తిరుగుతాయి, నిమిషంలో దిగిపోతుంది. మిరియం, పచ్చిమిర్చి రెండోది: గొంతులో ఉండిపోతుంది. ఈ రెంటినీ ఒకే గిన్నెలో, ఒకదాని వెనక ఒకటిగా తేవాలి. పైకి మాత్రం చల్లటి పెరుగు పచ్చడిలా కనిపించాలి.

కొలతలు: చిక్కటి పెరుగు అరలీటరు, కీరదోసకాయలు 3, ఆవాలు రెండు చెంచాలు, నానిన బియ్యం చెంచా, పచ్చిమిర్చి 2, దంచిన మిరియాలు అరచెంచా, ఉప్పు.

- సన్న ఆవాలే తీసుకోండి. తెల్ల ఆవాల ఘాటు నాలుక మీదే ఆగిపోతుంది, ముక్కుకి ఎక్కదు.
- ముందు పొడిగా దంచి, తర్వాత బియ్యం, పచ్చిమిర్చి, చన్నీళ్లు వేసి నూరండి. పొడి ఆవాలకి నీళ్లు తగిలాకే ఘాటు పుడుతుంది. వేడినీళ్లు పోస్తే ఆ ఘాటు పుట్టకుండానే పోతుంది.
- నూరిన ముద్దని పది నిమిషాలు మూతపెట్టి ఉంచండి.
- తురిమిన దోసకాయని గట్టిగా పిండి, పెరుగులో కలిపి, ఆ తర్వాత ఆవముద్ద కలపండి.
- మిరియాలు అడుగున చల్లి పైన పచ్చడి వెయ్యండి. చివరి చెంచాల్లో అవి తగలాలి.
- ఉప్పు వడ్డించేముందే వెయ్యండి. ముందే వేస్తే దోసకాయ నీరు వదిలి పచ్చడి జారిపోతుంది.

పసుపు వద్దు, పోపు వద్దు. పోపు వాసన వస్తే లోపల ఏదో ఉందని అతిథి జాగ్రత్త పడతాడు. ఇంటికొచ్చిన పెద్దలు పోపు లేని పచ్చడేమిటని అడిగినా మాట మార్చండి.

పొరపాట్లకి సవరణలు:
- చేదుగా ఉంది: మిక్సీ ఎక్కువసేపు తిరిగి ముద్ద వేడెక్కింది. కొంచెం పెరుగు, చిటికెడు పంచదార కలపండి. ఇకముందు రోట్లో నూరండి, లేదా మిక్సీని ఆపి ఆపి తిప్పండి.
- ఘాటు లేదు: ఆవాలు పాతవి, లేదా ముందే నూరి చాలాసేపు ఉంచారు. కొత్తగా చెంచాడు నూరి కలపండి. కారప్పొడితో సర్దుకోవద్దు, రంగు బయటపెట్టేస్తుంది.

చిన్నపిల్లలకి, కడుపులో పుండు ఉన్నవాళ్లకి ఆవ లేని గిన్నె విడిగా పెట్టండి. అది ముందే అడిగి తెలుసుకోవాలి.

7. లోభం: జీడిపప్పు దాచిన పులిహోర

అరకిలో బియ్యం పొడిపొడిగా వండి, పెద్ద నిమ్మకాయంత చింతపండు గుజ్జుతో ఎప్పటిలా పులిహోర కలపండి. వేరుశనగ వెయ్యకండి. పంటికింద అది కరకరమంటే జీడిపప్పు కోసం ఎవరూ వెతకరు. పోపులో శనగపప్పు చాలు.

జీడిపప్పు సరిగ్గా 24 గుళ్లు. సన్నసెగ మీద నేతిలో వేయించండి. వెడల్పు పళ్లెంలో సగం పులిహోర పరిచి, మూడు తప్ప గుళ్లన్నీ రెండు చోట్ల కుప్పగా పెట్టి, మిగతా పులిహోర కప్పండి. పైన ఆ మూడే మూడు గుళ్లు కనిపించాలి.

పళ్లెం మధ్యలో పెట్టండి, గరిటె ఒక్కటే పెట్టండి. మీరు వడ్డించకండి. మొదటివాళ్లు మర్యాదగా పై నుంచి తీసుకుంటారు. ఎవరి గరిటెకో కుప్ప తగిలాక పళ్లెం చుట్టూ మారే చూపులే ఈ వంటకం.

జీడిపప్పుని ఉదయమే కలిపేస్తే పులుపుకి మెత్తబడుతుంది. వడ్డించే నిమిషంలోనే దాచండి.

8. కామం: ఆకులో కట్టిన చందువ

ముందు వాసన రావాలి, తర్వాత చూపు, చివర రుచి. మధ్యలో నిరీక్షణ ఉండాలి. అందుకే మూటకట్టిన వంటకం.

- నాలుగు చందువల్ని అడ్డంగా రెండేసి ముక్కలు చేయించండి. ఈ చేపలో సన్నముళ్లు తక్కువ, అతిథి ముళ్లమీద దృష్టి పెట్టక్కర్లేదు.
- కొబ్బరి తురుము, పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, ధనియాలు, కొత్తిమీర, ఉప్పు, పసుపు కలిపి ముద్దగా నూరి పట్టించండి. నిమ్మరసం మాత్రం కట్టేముందే. ముందే పిండితే చేప గట్టిపడుతుంది.
- అరిటాకు ఈనె తీసి మంటమీద అటూ ఇటూ చూపించండి. నిగనిగలాడుతూ మెత్తబడ్డాకే మడవండి, లేకపోతే చిరిగిపోతుంది.
- లోపల కరివేపాకు రెబ్బ, దంచిన మిరియాలు, అరచెంచా కొబ్బరినూనె. అరటి నారతో కట్టండి.
- ఇడ్లీ పాత్రలో ఆవిరి బాగా వచ్చాక పెట్టి 12 నిమిషాలు ఉడికించండి.

మూటలు విస్తళ్లలో పెట్టాక వెంటనే విప్పనివ్వకండి. అందరికీ వచ్చేదాకా ఆగమనండి. ఆకు మడతల్లోంచి వాసన వస్తూంటే ఆ రెండు నిమిషాలూ చాలా పొడుగ్గా ఉంటాయి. చెంచాలు పెట్టకండి, చేత్తోనే విప్పి చేత్తోనే తినాలి.

శాకాహారులకి లేత పనస ముక్కలు ముందే ఉడికించి ఇదే ముద్దతో కట్టండి. పన్నీరు కన్నా పనస మేలు, ముద్దని బాగా పీలుస్తుంది.

ఇక్కడ ఒక మాట. గులాబీరేకులు, గుండె ఆకారపు ముక్కలు పెట్టి ఈ వంటకాన్ని చౌకబార్చకండి. ఇంట్లో అమ్మమ్మలు, పిల్లలు కలిసి కూర్చునే విందు ఇది. ఆకు, ఆవిరి, ఆలస్యం చాలు.

9. గర్వం: నిలబడ్డ నువ్వుల అచ్చు

ఏడింట్లో కష్టమైంది ఇదే, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది కూడా. చిన్న గిన్నెలో చల్లటి సగ్గుబియ్యం పాయసం, దాంట్లో జానెడు ఎత్తు పల్చటి అచ్చు నిటారుగా. అంత ఎత్తున్నది నోట్లో పట్టదు, నలుగురిలో విరవాల్సిందే. విరవకుండా మురిపెంగా చూసుకుంటూ కూర్చుంటే అడుగు నాని దానంతటదే ఒరుగుతుంది.

అచ్చు:
- నువ్వులు పావుకిలో దోరగా వేయించండి. చిటపటలు తగ్గగానే దించాలి.
- పావుకిలో బెల్లం, రెండు చెంచాల నీళ్లు వేసి కరిగించి వడకట్టండి. బెల్లంలో ఇసుక ఉంటే పల్చటి అచ్చు అక్కడే విరుగుతుంది.
- ముదురు పాకం రానివ్వండి. చన్నీళ్ల గిన్నెలో చుక్క వేసి తీసి పళ్లేనికేసి కొడితే టంగుమనాలి. సాగితే ఇంకా కాలేదు.
- స్టవ్ కట్టేసి నువ్వులు, చిటికెడు ఉప్పు కలిపి, నెయ్యి రాసిన పళ్లెం బోర్లించి దాని వెనకవైపు వెయ్యండి. నెయ్యి రాసిన కర్రతో వెంటనే పల్చగా ఒత్తండి. నిమిషం దాటితే వంగదు.
- వేడి మీదే పొడవాటి త్రికోణాలుగా కొయ్యండి. ఎనిమిది కావాలంటే పదకొండు కొయ్యండి, రెండుమూడు విరుగుతాయి.
- పూర్తిగా చల్లారాక మధ్యలో బటర్ పేపర్ వేసి డబ్బాలో మూసెయ్యండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తియ్యగానే చెమ్మ పడుతుంది.

పాయసాన్ని పంచదారతోనే కాచండి. వేడి పాలల్లో బెల్లం వేస్తే విరిగిపోవచ్చు. చెంచా నిలబడేంత చిక్కగా ఉండాలి, లేకపోతే అచ్చుకి పట్టు ఉండదు. సగ్గుబియ్యం చల్లారేకొద్దీ ఇంకా బిగుస్తుంది, అది గుర్తుంచుకుని దించండి.

సవరణలు:
- పాకం ఎంతసేపు కాచినా టంగుమనడం లేదు: బెల్లంలో తేమ ఎక్కువ. రెండు చెంచాల పంచదార వేసి మళ్లీ కాచండి.
- మాడు వాసన: సవరణ లేదు, పారబోసి మళ్లీ మొదలుపెట్టండి.
- అచ్చు అంటుకుంటోంది: వర్షం రోజైతే వడ్డనకి గంట ముందే పొయ్యండి, మూడు గంటల ముందు కాదు.
- నిలబడటం లేదు: పాయసం పల్చన. రెండు చెంచాల పాయసం విడిగా దగ్గరపడేదాకా కాచి, చల్లార్చి, గిన్నె మధ్యలో వేసి దాంట్లో గుచ్చండి.

అచ్చుని అతిథి ముందే గుచ్చాలి. వంటింట్లో గుచ్చి తెస్తే దారిలోనే ఒరిగిపోతుంది.

10. సోమరితనం: గ్లాసులో చద్దన్నం

ముందురోజు రాత్రి గ్లాసుడు బియ్యం మెత్తగా వండి, వేడిమీదే మెదిపి, మూడు గ్లాసుల కాచిన పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక చెంచా పెరుగుతో తోడు పెట్టండి. ఎండాకాలం తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే పొద్దుటికి పులిసిపోతుంది. వడ్డించేముందు మజ్జిగ, ఉప్పు, అల్లంరసం కలిపి పల్చన చేసి వడకట్టండి.

నమలనక్కర్లేదు, కలపనక్కర్లేదు, చెయ్యి తడుపుకోనక్కర్లేదు. నంజుకోవడానికి ఏమీ ఇవ్వకండి. దిండ్లు ఉంటే గోడవారన వేసి, అక్కడికే తెచ్చి చేతికివ్వండి.

11. తిండిపోతుతనం: పొట్లాల్లో ముంత మసాలా

పెరుగన్నం అయిపోయింది కాబట్టి భోజనం ముగిసిందని అందరూ అనుకుంటారు. ఇప్పుడు తేవాలి. ఆకలి తీరాక కూడా చెయ్యి ఆగకపోవడమే కదా తిండిపోతుతనం. కొండంత వడ్డిస్తే కళ్లకే వెగటు పుట్టి చెయ్యి వెనక్కిపోతుంది. ఆర్కే బీచ్‌లో అమ్మేలాంటి చిన్న పొట్లం అయితే ఎవరూ కాదనరు, ఖాళీ అయ్యాక ఇంకోటి కూడా.

- మరమరాల్ని ఉత్త మూకుడులో సన్నసెగ మీద వేడిచేసి, చల్లార్చి డబ్బాలో మూసెయ్యండి.
- ఉల్లి, గింజ తీసిన టమాటా, కొత్తిమీర సన్నగా తరిగి, నీరు వంపెయ్యండి.
- రెండేసి పొట్లాలకి సరిపడా మాత్రమే కలపండి: మరమరాలు, కారప్పూస, వేరుశనగ, ఉల్లి, ఉప్పు, కారం, చివర నిమ్మరసం. మామిడికాయల రోజులైతే నిమ్మకి బదులు కోరిన మామిడికాయ.
- అడగకుండా రెండోది చేతికివ్వండి.

ఒక్కసారే పెద్ద గిన్నెలో కలిపేస్తే మూడో పొట్లానికే మెత్తబడుతుంది. ఈ వంటకానికి ఒక మనిషి వంటింట్లో ఉండి తీరాలి.

12. వడ్డనకి ముందు చూసుకోవలసినవి

- వంటకం పేరు ముందే చెప్పొద్దు. తిన్నాక ఏ పాపమో అతిథులనే చెప్పమనండి. సగంమందికి పైగా చెప్పగలిగితే వంటకం కుదిరింది. చెప్పలేకపోతే వంటకంలో ఉప్పు కారాలు కాకుండా వడ్డించే తీరు మార్చండి.
- ఏ వంటకాన్నీ ఒక మనిషికి అంటగట్టొద్దు. "ఇది మా బావగారి కోసం" అన్న మాట నవ్వులాటగా మొదలై ఎక్కడికో పోతుంది.
- పచ్చడికి, పులిహోరకి మధ్య ఐదు నిమిషాలు ఆగండి. ఆవ ఘాటు దిగకుండా పులుపు పెడితే రెండూ పాడు.
- చేప తర్వాత చేతులు కడుక్కోవడానికి నీళ్లు, నిమ్మచెక్క అందించండి. నీచువాసనతో పాయసం తినలేరు.
- అచ్చు డబ్బా, మరమరాల డబ్బా మూతలు బిగించి ఉన్నాయా? కిటికీ సముద్రం వైపు తెరిచి ఉంటే ఇంకోసారి చూడండి.
- ఆవ లేని గిన్నె ఎవరిదో, చేప తినని వారి మూట ఏదో గుర్తు పెట్టుకున్నారా? పనస మూటకి నార రెండు చుట్లు చుడితే చాలు, వడ్డించేటప్పుడు తడబాటు ఉండదు.